అనుమకొండకు హకారం ఎక్కడిది?

నిరుడు దసరా సెలవులలో మా మేనల్లుడు భార్యాపిల్లలతో హైదరాబాదునుండి రెండు రోజులకని మా ఇంటికి వచ్చినాడు. చూడవలసిన స్థలముల పట్టికను ముందుగానే సిద్ధపరచుకొని మరీ వచ్చినాడు: మొదటి దినమున కోట, కీర్తితోరణములు, ఖుష్ మహలు, వేయి స్తంభాల గుడి, సాయంకాలము భద్రకాళి చెరువు కట్ట, రెండవ దినమున పాలంపేట రామప్ప గుడి, అక్కడినుండి లక్నవరం, రాత్రికి తిరుగు ప్రయాణము. కాగితము పైభాగమున పెద్ద అక్షరములతో వరంగల్లు అని వ్రాసి ఉన్నది. మా ఊరి పేరు అందులో ఎక్కడా లేదు. వేయి స్తంభాల గుడి మా ఊరిలో ఉన్నది, అతడు పడుకొని లేచినది మా ఊరిలో, పిల్లలకు ఉదయమే సర్వపిండి కాల్చి పెట్టినది మా ఊరి పొయ్యిమీద. అయినను ఊరికి మాత్రము పట్టికలో చోటు దొరకలేదు. అతనిని నేను తప్పుపట్టలేదు. పుస్తకములు వ్రాసినవారే ఆ విధముగా వ్రాయుచుండగా, రెండు దినముల తీరికతో వచ్చిన యాత్రికుని నిందించి ప్రయోజనమేమి?

ఆనాడు బస్టాండునుండి చౌరస్తా మీదుగా గుడివైపు నడచుచుండగా అతని చిన్నకొడుకు, నాలుగవ తరగతి చదువువాడు, దారిపొడవునా బోర్డులు చదువుకొంటూ వచ్చి హఠాత్తుగా ఆగిపోయినాడు. ఒక దుకాణముపై హన్మకొండ, ఎదుట కొత్తగా పాతిన పచ్చబోర్డుపై హనుమకొండ, మూలమీది పాతకాలపు గోడమీద హనంకొండ. "తాతా, మీ ఊరికి మూడు పేర్లెందుకున్నయి? ఇంతకు ఏది కరెక్టు?" అని అడిగినాడు. మూడింటికన్న పాతది నాలుగవ దొకటి ఉన్నదని, అది రాతిమీద చెక్కి ఉన్నదని, ఇప్పుడే చూపించెదనని చెప్పి వానిని వెంటబెట్టుకొని పోయినాను. ఆ పిల్లవాని ప్రశ్నకు దారిలో చెప్పినది చాలక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

గత పదేండ్లలో మా త్రినగరములు, అనగా వరంగల్లు, అనుమకొండ, కాజీపేటలు, ఎంత మారినవో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. 2015లో వారసత్వ నగరముల పథకమునకు దేశమంతట ఎంపికైన 12 నగరములలో మనదియు ఒకటి. మరుసటి సంవత్సరము స్మార్ట్ సిటీల జాబితాలో చేరినాము. 2021 జులైలో రామప్ప గుడి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. భద్రకాళి కట్టమీద ఒకనాడు ముళ్ళకంపల నడుమ ఒంటరిగా నడచిన నావంటివారు నేడు అక్కడ దీపముల వరుసలను, పిల్లల పరుగులను, కుటుంబములతో కూర్చున్న వందలాది జనమును చూచి సంతోషింపకుండ ఉండలేరు. అగ్గలయ్య గుట్టకు మెట్లు పడినవి. నూరేండ్లు దాటిన కేంద్ర కారాగారము 2021లో నేలమట్టమై ఆ స్థలమున ఆస్పత్రి లేచుచున్నది. రోగికి మంచము దొరకుట మంచిదే కాని, ఆ ఎత్తైన గోడలలో కనీసము ఒక్క బారెడునైన నిలిపి ఉంచి ఉండవలసినదని నా అభిప్రాయము. 1934లో పుట్టిన ఆజంజాహి మిల్లు సైరను విని గడియారము సరిచేసుకొన్న తరము మాది. ఆ మిల్లు ఉండిన స్థలమును పొరుగూరి బంధువునకు చూపించవలెనన్న నేడు ఇక్కడ ఉండెడిదని చేయి చూపుటయే తప్ప చూపుటకు ఏమియు లేదు.

ఊరు మారుటను గూర్చి నాకు వ్యథ లేదు. పేరు మారుటను గూర్చి ఉన్నది.

2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ జిల్లా అని, వరంగల్ రూరల్ జిల్లాకు వరంగల్ జిల్లా అని పేర్లు మారినవి. మా ఊరి పేరు ఒక జిల్లాకు నామధేయమైనందుకు ఆనాడు మా వీధిలో మిఠాయిలు పంచుకొన్నాము, నేను కూడ తిన్నాను. అర్బన్ అను పరాయి మాట తొలగి ఊరిపేరు నిలిచినది గదా యని తృప్తిపడినాను. కాని ఆ మార్పుతో హకారము రాజముద్ర పొందినది. నాటినుండి బడి పుస్తకములలో, పర్యాటకుల పటములలో, గుట్టల మొదట పాతిన వివరణ ఫలకములలో అదియే సనాతన నామమన్నట్లుగా చెలామణి యగుచున్నది. హనుమంతుడు పర్వతమును మోసికొని పోవునప్పుడు ఒక తునుక రాలి ఇక్కడ గుట్టయైనదని ఒక పెద్దమనిషి, ఎంతో భక్తితో, మా పిల్లలకు చెప్పగా విన్నాను. భక్తి పూజ్యమైనదే. కాని చరిత్ర రాళ్ళను అడిగి తెలిసికొనవలసిన విషయము, ఆ రాళ్ళు మా ఊరిలో రెండు ఉన్నవి.

మొదటిది పద్మాక్షి గుట్టమీద ఉన్నది. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి ఊరి ఆడవారందరు గుండము చుట్టు చేరి ఆడిన తరువాత, మరునాటి ఉదయము అక్కడికి పోయి చూడవలెను. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు నీటిపై దట్టముగా తేలుచు, గాలి కొట్టినప్పుడెల్ల ఒక ఒడ్డునుండి మరియొక ఒడ్డునకు తివాచీవలె జరుగుచుండును. అక్కడినుండి మెట్లెక్కి పైకి పోయినచో గుడి, దాని చెంత రాతిలో తొలిచిన జైన తీర్థంకరుల మూర్తులు, నాలుగు ముఖముల శాసన స్తంభము కనబడును. రెండవ ప్రోలరాజు మంత్రియైన బేతన పెర్గడ భార్య మైలమ ఈ కొండమీద కడలాలయ బసది యను జైనాలయమును కట్టించి, దానికి భూదానము చేసినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. కాలము చాళుక్య విక్రమ శకము 42, అనగా క్రీ.శ. 1117. నేడు పసుపు కుంకుమలతో పూజలందుకొనుచున్న పద్మాక్షి తల్లి ఒకనాడు పార్శ్వనాథుని శాసనదేవతయైన పద్మావతీ యక్షిణియై ఉండునని పండితులు భావించుటకు ఈ స్తంభమే మూలము. జైనులు కొలిచిన తల్లిని శైవులు కొలిచినారు, శైవులు కొలిచిన తల్లిని ఊరంతయు కొలుచుచున్నది, పూజ ఆగలేదు. ఈ విషయమును చెప్పుటకు సంకోచించువారు మా ఊరిలో ఇప్పటికిని ఉన్నారు, వారితో నాకు చిరకాలముగా వాదము కలదు.

రెండవ రాయి వేయి స్తంభాల గుడి ఆవరణలో ఉన్నది. నా జీవితములో ఎన్నిసార్లు దాని ముందు నిలిచినానో లెక్కలేదు. శక వర్షము 1084, చిత్రభాను సంవత్సర మాఘ శుద్ధ త్రయోదశి, అనగా 1163 జనవరి 19వ తేదీనాడు కాకతి రుద్రదేవుడు తన పేర రుద్రేశ్వరుని, వాసుదేవుని, సూర్యుని ప్రతిష్ఠించి, మద్దిచెరువుల గ్రామమును ఆ దేవతలకు సమర్పించినట్లు అది తెలుపుచున్నది. ప్రశస్తిని రచించినవాడు అచింతేంద్రుడు. దొమ్మరాజును, మేడరాజును, మైళిగిదేవుని, భీముని రుద్రదేవుడు ఏ విధముగా జయించెనో, చోడోదయుడు కత్తి తగులకయే భయముచేత ఎట్లు ప్రాణములు విడిచెనో అందులో వర్ణింపబడి ఉన్నది. గుట్టమీది స్తంభము చాళుక్య చక్రవర్తి శకముతో కాలమును లెక్కించినది. ఈ స్తంభము ఏ ప్రభువు పేరును తలపై పెట్టుకొనలేదు. ఆ గుట్టనుండి ఈ గుడికి అరగంట నడక. ఒక సామంత వంశము స్వతంత్ర రాజవంశముగా మారుటకు పట్టిన నలుబది యారు సంవత్సరములు ఆ అరగంట దారిలో ఇమిడి ఉన్నవి. కాకతీయుల కథ ఓరుగల్లు కోటలో మొదలైనదని వ్రాయువారు ఆ దారిని ఒక్కసారి నడచి చూడవలెనని నా మనవి.

ఇక పేరు సంగతి. కాకతీయ ప్రభువులు తమ శాసనములలో ధరించిన బిరుదములలో అన్మకొండ పురవరాధీశ్వరులమని చెప్పుకొన్నది ప్రసిద్ధమైనది. కొన్ని చోట్ల అన్మకొండ, కొన్ని చోట్ల అనుమకొండ. ఆదిలో ఉన్నది అకారమే. వేయి స్తంభాల గుడి శాసనమును 1882లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ప్రకటించిన ఫ్లీటు దొర ఊరిపేరును హకారము లేకుండనే వ్రాసినాడు. పద్మాక్షి గుట్ట శాసనమును ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించిన హెచ్. కృష్ణశాస్త్రిగారును అన్మకొండ యనియే వ్రాసినారు. తరువాత ఈ వంశముపై సమగ్రముగా పరిశోధించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు మొదలగు విద్వాంసులకు కూడ శాసనగతమైన రూపము తెలియనిది కాదు. మరి ఈ హకారము మా ఊరి తలమీదికి ఎక్కడినుండి వచ్చి కూర్చున్నది?

నాతో వాదించువారు ఒక బలమైన యుక్తి చెప్పుదురు. దానిని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. తెలుగువాని నాలుకకు పదాదిని హకారము పలుకుట కష్టమనియు, హంస అంచయైనట్లు, హారము ఆరమైనట్లు, హనుమంతుని మన పల్లెలలో అనుమంతుడని పిలిచినట్లు, హనుమకొండయే జనవ్యవహారమున అనుమకొండ యైనదనియు, శాసనము చెక్కినవాడు జనుల ఉచ్చారణను అనుసరించెననియు వారి వాదము. మా రాజరాజనరేంద్ర భాషానిలయములో, 1904లో వెలసిన ఆ గ్రంథాలయపు బల్లల ముందు, ఈ విషయమై ఒక మిత్రునితో నేను మూడు సాయంకాలములు వాదించినాను. ఆయన తద్భవముల పట్టికలు వల్లించినారు. నేను శాసనముల నకళ్ళు పరచినాను. ఇద్దరమును అలసిపోయి ఇంటికి పోయినాము గాని ఎవరమును తగ్గలేదు. ఆయన ఇప్పుడు లేరు. ఉన్నచో ఈ క్రింది మాటలు ఆయనకే మొదట చదివి వినిపించెడివాడను.

తద్భవ న్యాయము తెలుగు వాక్యములో చెల్లును. ఇక్కడ పేరు వచ్చినది సంస్కృత సమాసములో, రాజు బిరుదావళిలో. పురవరాధీశ్వర శబ్దముతో ఊరిపేరును కూర్చునప్పుడు, ఆ పేరు నిజముగా హనుమంతునిదే అయి ఉన్నచో, వ్యాకరణము నేర్చిన ఆస్థాన పండితుడు ఆ పుణ్యనామమును అపభ్రంశ రూపములో వ్రాయునా? దేశీయమైన ఊరిపేరును సంస్కృతీకరించుటకు సందు దొరికినచో సంతోషముతో చొచ్చుకొనిపోవు కాలమది. ఓరుగల్లు అను దేశ్యపదమును ఏకశిలానగరమని మార్చిన పండితులు, కళ్ళ ఎదుట హనుమద్గిరి యను సిద్ధాన్నము ఉండగా దానిని విడిచి అన్మకొండ యని ఎందుకు వ్రాయుదురు? అందులో వారికి హనుమంతుడు కనబడలేదు గనుకనే వ్రాయలేదు.

ఇంకొక విషయము. 1117 నాటి శాసనమున కన్నడ భాష ఉన్నది. కన్నడమున ఆ శతాబ్దులలోనే పదాది పకారము హకారముగా మారుచుండినది. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. హకారము విని బెదరు జాతి కాదు వారిది. హనుమ శబ్దమును హకారముతో నిండుగా పలుకు ఆ భాషలో వ్రాసినవాడు కూడ ఈ ఊరిని అన్మకొండ యనియే వ్రాసినాడనగా, తెలుగు నాలుక అలసత్వమే కారణమన్న యుక్తి నిలువదు. పైగా ఈ రెండు శాసనములు ఈ ఊరిలో వెలసిన ఆలయములను గూర్చి చెప్పుటకే పుట్టినవి. ఒకటి జినాలయమును చెప్పినది. రెండవది శివ కేశవ సూర్యులను చెప్పినది. ఊరికి పేరిచ్చిన దేవుడే ఉన్నచో అతనికొక నమస్కారమైన ఉండవలసినది గదా!

అనుమడు, కొండడు అను ఇద్దరు అన్నదమ్ములు ఇక్కడ ఏలినారని, వారి పేర్లు కలిసి ఊరి పేరైనదని మరియొక కథ కలదు. దీనిని నా చిన్ననాట మా నాయనమ్మ చెప్పగా విన్నాను, నేటికిని కొందరు వ్యాసములలో నిజముగా వ్రాయుచున్నారు. పదమును నడిమికి విరిచి రెండు ముక్కలకు ఇద్దరు మనుషులను పుట్టించుట కథకులకు అలవాటైన విద్య. కొండ ఎదురుగా నిలిచి ఉండగా, కొండ యను మాటకు అర్థముగా ఒక మనిషిని వెదకుటకు నేను అంగీకరింపను. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము వంటి గ్రంథములు 1323లో కాకతీయ రాజ్యము అస్తమించిన చాలకాలమునకు పుట్టినవి. బండి ఇరుసు పరుసవేదికి తగిలి బంగారమగుట, కొడుకు చేతిలో ప్రోలరాజు మరణించుట వంటి అద్భుతములు వాటి సొత్తు. తెలుగు వచనమునకు అవి భూషణములే. కాని 1163లో రుద్రదేవుని కళ్ళ ముందే చెక్కబడిన రాతికిని, శతాబ్దుల తరువాత విన్నది వ్రాసిన తాటాకునకును విరోధము వచ్చినప్పుడు తాటాకు పక్షమున నిలిచిన పూర్వ రచయితలతో నేను ఏకీభవింపజాలను.

కథలు శాసనముల స్థానమును ఆక్రమించిన ఆ నడిమి కాలముననే హకారము ప్రవేశించినదని నా నిశ్చయము. పేరులో అర్థము తోచనిచోట భక్తి అర్థము కల్పించినది; నిజాము కాలపు దస్తరములును, ఇంగ్లీషువారి గెజెటీరును హనంకొండ యని వ్రాసి దానిని స్థిరపరచినవి; రైలు, బస్సు బోర్డులు హన్మకొండ యన్నవి; చివరకు జిల్లా ఉత్తర్వు హనుమకొండ యన్నది. అకారము మాత్రము గుట్టమీదను గుడిలోను మిగిలినది.

ఇక ఆనాటి విషయము. గుడికి చేరునప్పటికి తొమ్మిది గంటలైనది. నక్షత్రాకారపు వేదికను, నల్లరాతి నందిని, త్రికూటములో నేడు పూజ జరుగుచున్న రుద్రేశ్వర లింగమును, మూర్తులు లేక బోసిపోయిన తక్కిన రెండు గర్భగృహములను చూపించినాను. కల్యాణ మంటపము ముందు కొంచెము సేపు ఎక్కువగా నిలిచితిమి. దానిని 2006లో విప్పినారు. తరువాత పదునెనిమిదేండ్లపాటు ఆ స్తంభములు, దూలములు తెల్లరంగుతో అంకెలు వేయించుకొని ఆరుబయట పడి ఉండగా నేను ప్రతి శివరాత్రికి చూచుచు వచ్చినాను. అంకెలు వెలిసిపోవునేమో, ఏ రాయి ఎక్కడిదో తెలియకుండ పోవునేమో యని భయపడిన రోజులు కలవు. 2024 మార్చి 8న, శివరాత్రినాడే, మంటపము తిరిగి తెరువబడినప్పుడు జనములో నిలిచి ఏడ్చినాను. ఈ పని చేసిన శిల్పులకు, ఇంజనీర్లకు ఊరు ఋణపడి ఉన్నది.

తరువాత పిల్లవానిని శాసనము ముందుకు తీసికొనిపోయినాను. రాతిని తాకవద్దని, దూరమునుండియే చూడుమని చెప్పినాను. వాడు ముఖము దగ్గరగా పెట్టి, కళ్ళు చికిలించి, గుండ్రని అక్షరముల బారుల వెంట చూపు నడిపించి, చాల సేపటికి "ఇది గ లెక్కున్నది తాతా!" అని కేకవేసినాడు. నిజముగా అది గకారమే. ఎనిమిది వందల అరువది యేండ్లనాటి అక్షరమును మా నాలుగవ తరగతి పిల్లవాడు గురుతుపట్టినాడు. వాని తండ్రి అప్పుడు జేబులోని పట్టిక తీసి, లక్నవరము కొట్టివేసి, ఆ చోట పద్మాక్షి గుట్ట అని వ్రాసికొన్నాడు. మరునాడు రామప్పకు పోవుటకు ముందే అందరమును గుట్ట యెక్కినాము.

జిల్లా పేరును తిరిగి మార్చుమని నేను అడుగుటలేదు. ఒక అక్షరముకొరకు ఇన్ని కాగితములు మార్చుట ప్రజలకు శ్రమ, భక్తుల మనస్సు నొచ్చుటయు నాకిష్టము లేదు. నేను కోరునది స్వల్పము. బస్టాండులోను, చౌరస్తాలోను, గుడి ద్వారమువద్దను ఉన్న బోర్డులపై ఇప్పటి పేరు క్రింద శాసనములలోని పేరు అనుమకొండ అని ఒక్క పంక్తి వ్రాయింపుడు. రెండు శాసనముల ప్రక్కను వాటి పాఠమును, తేటతెలుగు తాత్పర్యమును చెక్కించిన ఫలకములు నిలుపుడు. దీపములకు, కట్టలకు, నడక దారులకు దొరికిన ధనములో ఈ రెండు పలకల వ్యయము ఒక లెక్కలోనిది కాదు. మార్గదర్శకులుగా జీవించు యువకులు యాత్రికులను మొదట గుట్టకు, తరువాత గుడికి, ఆ పిమ్మట కోటకు తీసికొనిపోవలెను. ఊరు పెరిగిన క్రమము అదే.

రెండు రోజులకని వచ్చు పాఠకులకు ఒక మాట. గుడికి మధ్యాహ్నము పోకుడు. ఎండ నిట్టనిలువున పడినప్పుడు రాయి నున్నగా కనబడును, అక్షరములు దాగిపోవును. ఉదయము ఏడు, ఏడున్నర ప్రాంతమున వెలుగు ప్రక్కనుండి పడును. అప్పుడు ప్రతి గీతకు నీడ వచ్చి పంక్తులు స్పష్టముగా కనబడును. ఆ వేళకు రండి.